నా చెయ్యి మంచిదే, మట్టే కాదు

"నీ చేత్తో పెట్టింది బతకదులే అమ్మాయ్, ఇటివ్వు, నేను పెడతా" అని మా అత్తయ్య అనబట్టి పద్దెనిమిదేళ్ళు. తిట్టినట్టు కూడా అనరావిడ. వానొచ్చేట్టుంది, బట్టలు తియ్యి అన్నంత మామూలుగా అంటారు. మొన్న మా తోడికోడలు వాళ్ళ గృహప్రవేశంలో ఎవరో తులసి మొక్క నా చేతికివ్వబోతే, "దానికివ్వమాకండి, దాని చెయ్యి పనికిరాదు" అని నలుగురిలో అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక మాత్రం నవ్వు రాలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

మీలోనూ చాలామందికి ఈ బిరుదు ఉండే ఉంటుంది. కుండీలో మొక్క ఎండితే మన చెయ్యి మంచిది కాదు. తులసి ఎండితే ఇంటికి అరిష్టం, ఆ అరిష్టం తెచ్చింది కోడలు. అదే మొక్క ఏపుగా పెరిగిందనుకోండి, అది మా నేల మహిమ, మా పశువుల ఎరువు మహిమ. ఈ లెక్క ఎక్కడిదో నాకర్థం కాదు. చచ్చినప్పుడు మనిషిదీ, బతికినప్పుడు మట్టిదీనా?

నేను చెప్పదలుచుకున్నది ఒకటే. కుండీలో, అందులోనూ రెండంగుళాల లోతుండే బోన్సాయ్ ట్రేలో, చెట్టుని చంపేది మనం మంచిదని పోసిన మట్టే. ఆ ట్రేలో మట్టి ఉండకూడదు. ఇటుక ముక్కలూ రాతి చిప్సూ ఉండాలి. అవునండీ, రాళ్ళే. నవ్వేవాళ్ళు నవ్వేసి రండి, తర్వాత మాట్లాడుకుందాం.

మా పుట్టిల్లు బాపట్ల. సముద్రానికి దగ్గరి ఊరు, ఇసుక నేల. చిన్నప్పుడు మా పెరట్లో ఏ కొమ్మ విరిచి గుచ్చినా చిగురేసేది. మందారం, నందివర్ధనం, కనకాంబరాలు, ఒకటని కాదు. మా అమ్మ నన్ను చూపించి "దీని చెయ్యి లక్ష్మీ చెయ్యి" అనేది. పెళ్ళై కాకుమాను వచ్చాను. మధ్యలో ఉన్నది కొద్దిపాటి దూరం. ఆ దూరంలో నా చెయ్యి ఎట్లా చెడిపోయిందో అప్పట్లో నాకు తెలియలేదు. ఇక్కడంతా నల్లరేగడి. ఎండాకాలంలో చేలో నడిస్తే పాదం దిగబడేంత బీటలు, వానాకాలంలో చెప్పుకి కిలో మట్టి. వరి, మిరప, పత్తి, మినుము బంగారంలా పండే నేలే. కాదనను. నేను కుండీల్లో పెట్టినవే ఒక్కొక్కటిగా పోయేవి. మా మరిది ఒక మాట అనేవాడు: "ఏంది వదినా, 1945లో పెట్టిన వ్యవసాయ కళాశాల ఉన్న ఊళ్ళో పుట్టావు, మొక్క బతికించటం రాదా?" కాలేజీ మా ఊళ్ళో ఉంటే నాకు డిగ్రీ ఇచ్చినట్టా! కానీ సమాధానం దొరక్క ఊరుకునేదాన్ని.

సమాధానం ఒక రావి మొక్క చెప్పింది.

మా పాత పెంకుటిల్లు తీసేసి డాబా వేసిన ఏడాది సంగతి. వెనక వసారా గోడలో, ఇటుకకీ ఇటుకకీ మధ్య, ఒక రావి మొలిచి ఉంది. ఏ పిట్ట వేసిన గింజో. ఎనిమిదేళ్ళో తొమ్మిదేళ్ళో అట్లాగే ఉంది. మూరెడు కన్నా ఎదగలేదు గానీ మొదలు మాత్రం నా మణికట్టంత. ఇంటి గోడలో రావి మొలిస్తే మంచిది కాదంటారు, నరికితే పాపమంటారు. అందుకని ఎవరూ ముట్టుకోలేదు. గోడ పడగొట్టేరోజు మేస్త్రిని బతిమాలి, చుట్టూ ఇటుకలు జాగ్రత్తగా ఊడదీయించి, వేళ్ళతో సహా తీయించాను. పత్రికల్లో బోన్సాయ్ బొమ్మలు చూసీ చూసీ ఉన్న కోరిక అది. గుంటూరు వెళ్ళినప్పుడు ఒక ట్రే కొనుక్కొచ్చాను.

ఆ రోజు ఇంట్లో అందరూ నాకు సాయం చేసినవాళ్ళే. మావారు చేలో అన్నిటికన్నా మంచి చెక్కలోంచి మట్టి తెచ్చారు. అత్తయ్య మాగిన పశువుల ఎరువు జల్లించి ఇచ్చారు. పాపం, ప్రేమగానే ఇచ్చారు. రెండూ కలిపి, గట్టిగా అదిమి, నీళ్ళు పోశాను. ఆకులు నెలరోజులు బాగానే ఉన్నాయి. తర్వాత పసుపెక్కాయి. "నీళ్ళు చాలట్లేదు" అన్నారొకరు, పోశాను. "ఎక్కువైనయ్" అన్నారొకరు, మానేశాను. కార్తీకమాసంలో ఆకంతా రాలిపోయి పుల్ల మిగిలింది. లాగి చూస్తే వేళ్ళు నల్లగా, పట్టుకుంటే పైపొర ఊడి చేతికొచ్చేసింది. మురుక్కాలవ వాసన. ఆ వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది.

ఇక వినండి. గోడ పడగొట్టిన ఇటుకలు, సున్నం బెడ్డలు పెరట్లో కుప్పపోసి ఉన్నాయి కదా. ఆ కుప్పలో, తెగిపోయిన వేరుముక్క ఒకటి ఇటుక సందులో ఇరుక్కుని ఉండిపోయింది. నా ట్రేలో చెట్టు చచ్చిపోయిన ఆ నెల్లోనే, ఆ వేరుముక్క రెండు ఎర్రటి లేత ఆకులేసింది. ఎవరూ నీళ్ళు పోయలేదు. ఎవరూ ఎరువు వేయలేదు. చెయ్యి మంచిదో కాదో చూసినవాళ్ళు లేరు.

అది చూసిన రోజు నుంచి ఎవరేమన్నా నేను నమ్మను. చెట్టుకి కావలసింది ఇటుక కుప్పలో ఉంది, నా మంచి మట్టిలో లేదు. ఏమిటది? గాలి.

వేరు కూడా ఊపిరి పీలుస్తుందండీ. మట్టి రేణువుల మధ్య ఖాళీలు ఉంటేనే దానికి గాలి. నల్లరేగడిలో ఉండేది మన పౌడరు కన్నా మెత్తటి బంకమట్టి. నీళ్ళు తగిలితే ఉబ్బి ఖాళీలన్నీ మూసేస్తుంది. ఎండితే ముడుచుకుని రాయవుతుంది. చేలో అయితే ఆ బీటలే దానికి ఊపిరి, కింద లోతు ఉంటుంది, వానపాములుంటాయి, నాగలి తిరగేస్తుంది. ట్రేలో అవేవీ లేవు. ఎండినప్పుడు మట్టి ట్రే అంచు నుంచి విడిపోయి చుట్టూ సందు పడుతుంది. మనం పోసిన నీళ్ళు ఆ సందులోంచి జారి కింద చిల్లులోంచి పోతాయి. పైన తడిసింది, కింద కారింది, ఇంకేం, బాగా తడిసిందనుకుంటాం. మధ్యలో ముద్ద పొడిగానే ఉంటుంది. వానల్లోనేమో అదే ముద్ద పదిరోజులు ఆరదు. అంటే ఒకే కుండీలో చెట్టు ఓసారి దాహంతోనూ ఓసారి మునిగిపోయీ చస్తుంది. నీళ్ళు చాలట్లేదన్నవాళ్ళూ ఎక్కువైనయ్యన్నవాళ్ళూ ఇద్దరూ కరెక్టే అన్నమాట!

మావారికి ఇది చెబితే ఒప్పుకోలేదు. ఆయన దగ్గర నల్లరేగడిని ఏమన్నా అంటే నా దగ్గర మా అమ్మని అన్నట్టే. "ఈ మట్టి తిని మూడు తరాలు బతికినం, నీ చెట్టుకి పనికిరాలేదా" అన్నారు. నేనొకటే అడిగాను. "మిరప చేలో రెండు రోజులు నీళ్ళు నిలబడితే ఏం చేస్తారు?" "మురుగు తీస్తం, లేకపోతే వేరు ఊపిరాడక చచ్చిద్ది" అన్నారు టక్కున. "మరి నా ట్రేలో మురుగు ఎవరు తీస్తారు?" మాట్లాడలేదు. ఎకరాలకెకరాలు మురుగు కాలవలు తవ్వే మనుషులు, కుండీ దగ్గరికొచ్చేసరికి భార్య చెయ్యి చూస్తారు. నాకు కోపం వచ్చేది సరిగ్గా ఇక్కడే. తెలియక కాదు, తెలిసింది మన విషయంలో వాడరు.

కింద గులకరాళ్ళు పరిచి పైన మట్టి పోస్తే నీళ్ళు దిగిపోతాయని చాలామంది చెబుతారు. నేనూ చేశాను. అది పనిచేయదు. ఎందుకో మీ వంటింట్లోనే చూడొచ్చు. గిన్నెలు తోమే కొత్త స్పాంజి ఒకటి నీళ్ళలో ముంచి, పళ్ళెంలా అడ్డంగా పట్టుకోండి. కారేదంతా కారి ఆగిపోతుంది. ఇప్పుడు దాన్నే నిలువుగా తిప్పండి. మళ్ళీ ధార కడుతుంది. నీళ్ళు కొత్తగా పోయలేదు, ఆకారం మారిందంతే. ఏ మెత్తటి పదార్థమైనా తన అడుగున కొంత మందాన నీళ్ళు వదలకుండా పట్టుకుంటుంది. ఆ మందం కుండీ లోతుని బట్టి మారదు, రేణువు సైజుని బట్టి మారుతుంది. లోతు కుండీలో పైభాగం ఆరుతుంది, అడుగు మాత్రం తడిగా ఉంటుంది, చెట్టు సర్దుకుంటుంది. రెండంగుళాల ట్రే అంటే అడ్డంగా పట్టుకున్న స్పాంజి. మొత్తం ట్రే అంతా ఆ తడి పొరే. కింద గులకరాళ్ళు పరిస్తే ఆ తడి పొర గులకరాళ్ళ పైకి జరుగుతుంది, వేళ్ళకి ఇంకా దగ్గరగా. పైన మెత్తటి మట్టి పూర్తిగా నానితే తప్ప నీళ్ళు కింద రాళ్ళలోకి దిగవు. కాబట్టి కింద ఒక వరస రాళ్ళు కాదు, మొత్తం రాళ్ళే కావాలి. రేణువు పెద్దదైతే ఆ తడి పొర వేలి మందం కూడా ఉండదు.

"రాళ్ళలో ఏముంటుంది పిన్నీ, ఆర్గానిక్ మిక్స్ తెప్పించుకో" అని మా అక్క కూతురు హైదరాబాదు నుంచి ఒక పాకెట్ పంపింది. అందంగా ఉంది. విప్పితే కోకోపీట్, వర్మీ కంపోస్టు. ఈ ఆర్గానిక్ అన్న మాట మీద నాకు ఇంకో దెబ్బలాట ఉంది. ఆర్గానిక్ అంటే మంచిది, కానిదంటే మందులు, విషం అనే అర్థం మనలో పాతుకుపోయింది. బియ్యం దగ్గర, కూరల దగ్గర ఆ మాటకి ఒక అర్థం ఉంది, సరే. కుండీ దగ్గర దాని అర్థం వేరు. ఒకప్పుడు ప్రాణమున్న దాన్నుంచి వచ్చింది సేంద్రియం. ఆకు, పేడ, కొబ్బరి పీచు. అంతే. రాయి, ఇసుక, ఇటుక సేంద్రియం కావు. ఉప్పు కాదు. మనం తాగే మంచినీళ్ళూ కాదు! రాయిని చూసి కెమికల్ అని భయపడే మనం ఆ లెక్కన నీళ్ళు కూడా మానెయ్యాలి.

సేంద్రియానికి ఉన్న గుణమే ట్రేలో దాని దోషం. అది కుళ్ళుతుంది. నేలలో కుళ్ళితే బలం. రెండంగుళాల ట్రేలో, మన ఎండలకి, క్రమంగా కోకోపీట్ కుళ్ళి మెత్తటి పిండై ఖాళీలు పూడ్చేస్తుంది. తడిస్తే తన బరువుకి ఎన్నో రెట్లు నీళ్ళు పట్టుకుని వదలదు. నారు పోసుకోడానికి బంగారం, నేనూ వంగ నారుకి వాడతాను. అయిదేళ్ళు ఒకే ట్రేలో ఉండాల్సిన చెట్టుకి అది చెరువు. పాకెట్ మీద బోన్సాయ్ బొమ్మ వేసి అమ్మడమే నాకు నచ్చనిది.

రెండో చివర ఇంకో రకం ఉన్నారు. జపాను నుంచి అకడమ తెప్పిస్తే తప్ప బోన్సాయ్ కాదంటారు. ఆన్‌లైన్లో దాని ధర చూస్తే మాకు నెల బియ్యం గుర్తొచ్చాయి. అకడమ అంటే ఏమిటి? జపానులో తొచిగి అనే ప్రాంతంలో తవ్వి తీసే అగ్నిపర్వతపు ఎర్ర బంకమట్టి ఉండలు. పేరుకి అర్థం కూడా ఎర్ర ఉండలనే. ఉండలుగా ఉంటుంది, నీళ్ళు పీలుస్తుంది, మధ్యలో గాలి వదులుతుంది, కొన్నేళ్ళకి చితికిపోతుంది. బాగుంటుంది, కాదనను. కానీ వాళ్ళు దాన్ని వాడింది వాళ్ళ కాళ్ళ కింద దొరికింది కాబట్టి! అమెరికాలో వాషింగ్టన్ బోన్సాయ్ మ్యూజియంలో ఒక పైన్ చెట్టుంది. 1625 నుంచి కుండీలో పెరుగుతోంది. హిరోషిమాలో ఒక కుటుంబం తరాలుగా సాకింది. 1945 ఆగస్టు 6న బాంబు పడినప్పుడు ఆ ఊళ్ళోనే ఉండి బతికి, 1976లో అమెరికాకి కానుకగా వెళ్ళింది. అన్ని తరాల మనుషులు కుండీ విప్పి, వేళ్ళు కత్తిరించి, పాత నింపుడు తీసి కొత్తది వేస్తూ వచ్చుంటారు. వాళ్ళ ఊళ్ళో దొరికే దాంతోనే. మన కాళ్ళ కింద కాల్చిన మట్టి ఉండలు ఏమున్నాయి? ఇటుకలు. పెంకులు. మన దేశంలో బోన్సాయ్ పెంచేవాళ్ళు చాలామంది ఇటుక ముక్కలు వాడుతూ వచ్చినవాళ్ళే, ఇదేమీ నా కనిపెట్టుడు కాదు.

ఇటుక అంటే కూడా అన్నీ ఒకటి కాదు. ఇది కాస్త ఓపిగ్గా చదవండి, ఇక్కడే మోసపోతాం.

సరిగా కాలని ఇటుక పనికిరాదు. పేరుకి ఎర్రగా ఉంటుంది, నాలుగు వానలకి మళ్ళీ బురదవుతుంది. ఒక ముక్క బక్కెట్లో రాత్రంతా నానేసి పొద్దున వేళ్ళతో నలపండి. ముద్దలా చితికినా, నీళ్ళు ఎర్రటి చారులా మారినా పారేయండి. మరీ ఎక్కువ కాలి నల్లగా, గాజులా తేలిందీ వద్దు. అది నీళ్ళు పీల్చదు. మంచి ఇటుక మీద నీళ్ళు పోస్తే సుయ్ మని బుడగలు వస్తాయి, గోటితో గీస్తే రాలదు, ఒకదానితో ఒకటి కొడితే ఖంగుమంటుంది. ఇప్పుడు ఊళ్ళల్లో వస్తున్న బూడిద రంగు ఫ్లైయాష్ ఇటుకలు అస్సలు వద్దు. అవి కాల్చినవి కావు, సిమెంటో సున్నమో కలిపి గట్టిపరిచినవి. సిమెంటు అంటుకున్న ఇటుక కూడా అంతే. ఆ సున్నపు గుణం నీళ్ళలో దిగుతూ ఉంటే చెట్టు ఇనుము తీసుకోలేదు, ఈనెలు పచ్చగా ఉండి ఆకు పసుపెక్కుతుంది. మా పాత గోడ ఇటుకలకి సున్నం ఉంటే గీకేసి, కుప్పని రెండు వానాకాలాలు తడవనిచ్చాను. పాత గూనపెంకులు దొరికితే ఇంకా మేలు, సన్నగా కాలి ఉంటాయి, తేలిగ్గా పగులుతాయి.

తడిపిన ఇటుకని గోనెసంచిలో వేసి సుత్తితో కొట్టాలి. పొడిది కొడితే ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది, ముక్కుకి తడిగుడ్డ కూడా కట్టుకోండి. తర్వాత జల్లెడ. కొలత మన డబ్బాల్లోనే ఉంది: ఆవగింజ కన్నా పెద్దది, పచ్చిశనగపప్పు బద్ద కన్నా పెద్దది కానిది. మిల్లీమీటర్లలో కావాలంటే రెండు నుంచి ఆరు. ఆవగింజ కన్నా చిన్నదంతా నిర్దాక్షిణ్యంగా తీసెయ్యాలి. కష్టపడి కొట్టిన దాంట్లో సగం దుమ్మైపోతుంది, ప్రాణం ఉసూరుమంటుంది, అయినా వెయ్యకండి. ఆ దుమ్మే మళ్ళీ మట్టి. జల్లించింది బియ్యం కడిగినట్టు నీళ్ళు తేటపడేదాకా కడగాలి.

దీనికి తోడు రాతి చిప్స్. డాబా స్లాబుకి వాడే కంకరలో అన్నిటికన్నా సన్న రకం. క్రషర్ డస్టు కడిగి జల్లిస్తే అందులోంచీ కొంత వస్తుంది. రాయి నీళ్ళు పీల్చదు, కానీ బరువు, నిలబెడుతుంది, ఎన్నేళ్ళకీ చితకదు. నేను రావికీ చింతకీ జువ్వికీ మూడు పాళ్ళు ఇటుక, ఒక పాలు చిప్స్, చారెడు బొగ్గు ముక్కలు వేస్తాను. అడీనియంకి సగం సగం. చారెడు మాగిన ఎరువు కలిపితే చెట్టేం చచ్చిపోదు, నేను మడి కట్టుకుని కూర్చోలేదు. చారెడు మాత్రమే, బొచ్చెడు కాదు.

సూర్యలంక వెళ్ళినప్పుడు ఇసుక మూటకట్టుకొచ్చే ఆలోచన చెయ్యకండి. (మా పిన్ని చేసింది.) ఉప్పు ఒక గొడవైతే, ఆ గింజ మరీ సన్నం. పెర్లైట్ తెల్లగా ముద్దుగా ఉంటుంది, మొదటి గట్టి వానకి తేలి పక్కింటికి పోతుంది. వర్మిక్యులైట్ అదిమితే అట్టవుతుంది. ప్యూమిస్ దొరికితే మంచిదే, దొరకలేదని ఏడవక్కర్లేదు.

"మరి రాళ్ళలో తిండేది?" మా అత్తయ్య అడిగిన మొదటి ప్రశ్న. న్యాయమైన ప్రశ్న. రాళ్ళలో తిండి లేదు. మనం పెట్టాలి. వేరుశనగ చెక్క నానబెట్టి, నాలుగు రోజులు పులిశాక పైతేట తీసి, పదింతలు నీళ్ళు కలిపి పదిహేను రోజులకోసారి పోస్తాను. చిగురేసే కాలంలో మావారి కొట్టంలో ఉండే 19-19-19 లీటరుకి ఒక గ్రాము చొప్పున. రెండూ వాడతాను, ఆర్గానిక్ వాళ్ళు కోప్పడితే కోప్పడనీ. ఇంట్లో బిడ్డకి మనం వేళకి పెట్టినట్టు చెట్టుకీ పెడతాం. అన్నం గుండిగలో బిడ్డని కూర్చోబెడితే కడుపు నిండుతుందా ఏమిటి? ఇంకో లాభం ఉంది. మా వైపు బోరు నీళ్ళు చాలాచోట్ల ఉప్పన. నల్లమట్టి కుండీ అంచున తెల్లగా పొంగు కడుతుంది, ఆ ఉప్పు ఇక లోపలే ఉండిపోతుంది. ఇటుక ముక్కల్లో ఒక మంచి వాన పడితే కడుక్కుపోతుంది.

ఇందులో నిజంగా కష్టమైంది ఒకటుంది, దాచను. ఎండాకాలం. రోహిణికార్తెలో ఈ ట్రేలకి పొద్దున, సాయంత్రం రెండుపూటలా నీళ్ళు పోయాల్సిందే. ఒక్కపూట మర్చిపోతే ఆకు వాలిపోతుంది. పెళ్ళికో పురిటికో నాలుగు రోజులు ఊరెళ్ళాలంటే ఎవరికి అప్పజెప్పాలి? మన ఇళ్ళల్లో నాలుగు రోజులు ఆ పని గుర్తుపెట్టుకునేది మనమే కాబట్టి, మనం లేకపోతే మొక్క పోతుంది, మళ్ళీ ఆ మాట మనకే. నేను చేసేదేమిటంటే ఎండాకాలం ట్రేలన్నీ వేపచెట్టు నీడకి మారుస్తాను, కింద తడి గోనెలు పరుస్తాను, ఊరెళితే మా పెద్దాడి ఫోన్లో రెండుపూటలా అలారం పెట్టి వెళతాను. వాడు మొదటేడు రెండు చెట్లు ఎండబెట్టాడు. వాడి చెయ్యి మంచిది కాదని ఎవరైనా అన్నారా? "పిల్లాడు, మర్చిపోయాడు" అన్నారు. చూశారా!

బోన్సాయ్ అనగానే అబ్బూరి ఛాయాదేవి గారి 'బోన్‌సాయ్ బ్రతుకు' కథ గుర్తుచేసే స్నేహితురాళ్ళున్నారు నాకు. ఆడదాన్ని కుండీలో చెట్టులా కుదించేశారని రాసిన రచయిత్రి కథ చదివి కూడా నువ్వు బోన్సాయ్ పెంచుతావా అని. ఆ కథ నాకూ ఇష్టమే, అందులో మాట నిజమే. కానీ నా రావి అడవిలోంచి తెచ్చి కుదించింది కాదు. పడగొట్టే గోడలోంచి తీసింది. నేను తీయకపోతే సిమెంటు కింద పోయేది. చిన్న చోట బతకడం మనలో చాలామందికి తప్పలేదు, చెట్టుకీ తప్పలేదు. ఆ చిన్న చోట ఊపిరాడేట్టు ఉందా లేదా అన్నదే నా పట్టింపు.

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. ఆ వారం మా ఇంట్లో మొక్కల మాట ఎత్తే పరిస్థితి కాదు. కోతకొచ్చిన వరి నీళ్ళలో పడుకుంది, మావారు రాత్రిళ్ళు నిద్రపోలేదు. నేను నా ట్రేల వైపు వెళ్ళనేలేదు. వెళ్ళినా ఎవరితో చెప్పుకుంటాను? నీళ్ళు తీశాక, ఎనిమిదో రోజో తొమ్మిదో రోజో, పెరట్లోకి వెళ్ళి చూశాను. అత్తయ్య చేత్తో నల్లమట్టిలో పెట్టిన రెండు గులాబీలు, ఒక నిమ్మ మొక్క కుండీల్లో వడిలి ఉన్నాయి. నెల తిరక్కుండా మూడూ పోయాయి. నా రావి, రెండు చింతలు, జువ్వి ఇటుక ముక్కల్లో శుభ్రంగా కడిగినట్టు నిలబడి ఉన్నాయి. ఆ గులాబీలు పోయినప్పుడు ఆవిడ చెయ్యి గురించి నేనేమీ అనలేదు. అనాలనిపించింది, నిజం చెబుతున్నా. చేలో అంత నష్టం జరిగి ఆవిడ కళ్ళు తుడుచుకుంటుంటే ఏమంటాం.

తర్వాత ఆషాఢంలో రావికి కుండీ మార్చాను. ఇటుక ముక్కలు దులిపితే వేళ్ళు తెల్లగా, జడపాయల్లా అల్లుకుని ఉన్నాయి, వాసన వాన పడిన గోడ వాసన. అత్తయ్య అరుగు మీద కూర్చుని చూస్తున్నారు. లేచొచ్చి ఒక వేరు పట్టుకుని చూశారు. "మన వసారా గోడదేగా ఇది" అన్నారు. అవునన్నాను. "మీ మావయ్య కట్టించిన గోడ" అని, జల్లెడ తీసుకుని మిగతా ఇటుక పొడి జల్లించడం మొదలుపెట్టారు. చెయ్యి గురించి మాత్రం ఆవిడ మాట వెనక్కి తీసుకోలేదు. మొన్నటి గృహప్రవేశం ఆ తర్వాతదే మరి.

పాత గోడ ఇటుకలు ఇంకా మూడు గోనెలున్నాయి. గొడ్లచావిడి నేలకి వేస్తానని మావారు చూస్తున్నారు, నేను ఇవ్వనన్నాను. కాకుమాను చుట్టుపక్కల వాళ్ళెవరికైనా కావాలంటే ఒక సంచీ, ఒక సుత్తీ తెచ్చుకోండి. కొట్టుకోవడం మీ పనే.